సొమ్ము వెంట పరుగెత్తిన ఫిర్యాదు

వరంగల్లు నగరములోని కొత్తవాడ నేతపనివారి పేట. ఈ ఊరి నేతకు పేరు పాతది. వరంగల్లు తివాసీలు 1851లోనే లండను మహాప్రదర్శనములో చూపబడినవి. వరంగల్లు జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఒకప్పుడు జంపఖానా కొనదలచినవాడు స్వయముగా వచ్చి, చేతితో తడవి చూచి, బేరమాడి, రొక్కము లెక్కపెట్టి ఇచ్చి పోయెడివాడు. ఇప్పుడు సరకు ఫొటో ఫోనులో పోవును, సొమ్ము ఫోనులో వచ్చును. కొనువాడు ఏ ఊరివాడో, అసలు కొనువాడో కాదో అమ్మువానికి తెలియదు. "నేను సైన్యములో ఉద్యోగిని, ఇరువది జంపఖానాలు కావలెను, నేను పంపిన క్యూఆర్ గుర్తును మీ ఫోనుతో స్కాను చేయండి, సొమ్ము మీ ఖాతాలో పడును" అని ఒకడు చెప్పును. నమ్మి స్కాను చేసి రహస్యసంఖ్య నొక్కినచో జమకు బదులు ఖర్చు పడును. సొమ్ము పుచ్చుకొనుటకు రహస్యసంఖ్యతో పనియే లేదని తెలియనివారు ఈ ఎత్తులో దేశమంతట చిక్కుకొన్నారు.

అట్లు చిక్కుకొన్నవాడు ఎవరితో చెప్పుకొనవలెను? ఎంతలో చెప్పుకొనవలెను? గడచిన పాతిక సంవత్సరములలో ఈ ప్రశ్నలకు సమాధానము పలుమార్లు మారినది. ఆ మార్పులను వరుసగా చూచినచో ఫిర్యాదు అను మాటకు అర్థమే మారినదని తెలియును.

వార్తలను వేగముగా పంపు సాధనము పుట్టిన వెంటనే దానిని మోసమునకు వాడువాడు కూడ పుట్టుట చరిత్రలో కొత్త కాదు. విద్యుత్తంతి రాకముందే ఫ్రాన్సు దేశములో దృశ్యతంతి యుండెడిది. కొండల మీద, గోపురముల మీద కొయ్యచేతులు నిలిపి, వాటి భంగిమలను దుర్భిణితో చూచి, ఒక గోపురము నుండి మరియొక గోపురమునకు ప్రభుత్వ వార్తలు అందించెడివారు. బోర్డో నగరములో బ్లాన్ సోదరులను ఇద్దరు వర్తకులు 1834లో తూర్ నగరపు తంతి ఉద్యోగికి లంచమిచ్చి, ప్రభుత్వ వార్తల నడుమ తమ గుర్తులను తప్పుల రూపమున చొప్పించిరి. పారిస్ బాండ్ల ధర పెరిగినదో తగ్గినదో ఇతరులకు తపాలా బండి వచ్చిన పిదప తెలియును. వీరికి ముందే తెలియును. రెండేండ్లు ఈ వ్యాపారము సాగి, 1836లో బయటపడినది. విచారణ జరిగినప్పుడు కోర్టువారికి ఒక చిక్కు వచ్చినది. లంచము నేరమే, గాని తంతిని సొంత పనికి వాడుకొనుట నేరమని చెప్పు చట్టము ఆనాటికి లేదు. 1837లో ఫ్రాన్సు ప్రభుత్వము తంతి వార్తలను తన గుత్తగా చేసికొనుచు చట్టము చేసినది. నేరము ముందు, చట్టము వెనుక. ఈ క్రమము తరువాత కూడ మారలేదు.

చట్టమున్నను ఫిర్యాదు వినువాడు లేకపోవచ్చును. దీనికి మంచి నిదర్శనము 1986లో అమెరికాలో జరిగినది. లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో క్లిఫర్డ్ స్టోల్ అను ఖగోళ శాస్త్రజ్ఞుడు కంప్యూటర్ల పర్యవేక్షణకు మారెను. కంప్యూటరు వాడకపు లెక్కలలో 75 సెంట్లు తేడా వచ్చినది. మన లెక్కలో ముక్కాలు డాలరు! ఆ తేడాను వెంబడించగా, ఎవడో పరాయివాడు ప్రయోగశాల కంప్యూటరులో ప్రవేశించి, దాని ద్వారా సైనిక కంప్యూటర్లలోనికి పోవుచున్నాడని తేలినది. స్టోల్ ఫెడరల్ పోలీసులకు చెప్పినప్పుడు, పోయినది 75 సెంట్లే కదా యని వారు పెద్దగా పట్టించుకొనలేదు. ఆయన వదలక, దొంగ నొక్కిన ప్రతి అక్షరమును కాగితముపై అచ్చువేయించుచు, కాలము వ్రాసికొనుచు ఒక దినచర్య పుస్తకము నడిపెను. దొంగను ఎక్కువసేపు లైను మీద నిలుపుటకు కల్పిత సైనిక పత్రములను ఎరగా పెట్టెను. చివరకు టెలిఫోను జాడ పశ్చిమ జర్మనీలోని హానోవర్ నగరమునకు చేరినది. అచ్చటి ముఠా తాను దొంగిలించిన సమాచారమును సోవియట్ గూఢచారులకు అమ్ముచుండెను.

స్టోల్ కథలో మనకు పనికివచ్చునది గూఢచర్యము కాదు, దినచర్య పుస్తకము. తేదీ, గంట, నిమిషము, జరిగినది జరిగినట్లు: ఫిర్యాదుకు ప్రాణము ఇదే. విజ్ఞానశాస్త్ర ప్రయోగశాలలో మేము విద్యార్థులకు నేర్పునదియు ఇదియే గదా.

ఇక మన దేశపు సంగతి. సమాచార సాంకేతిక చట్టము 2000 సంవత్సరము అక్టోబరు 17న అమలులోనికి వచ్చినది. కంప్యూటరు నేరములకు మన దేశములో పేర్లు పెట్టినది ఈ చట్టమే. మరుసటి సంవత్సరము బెంగుళూరులో సైబరు నేరములకు ప్రత్యేకముగా ఒక పోలీసు ఠాణా ఏర్పడినది. అయితే ఆ చట్టములోనే ఒక నిబంధన యుండెను: ఈ నేరములను డిప్యూటీ సూపరింటెండెంటు హోదాకు తక్కువైన అధికారి దర్యాప్తు చేయరాదు. కొత్త విద్యను చిన్న ఉద్యోగులు ఎరుగరని చట్టము చేసినవారు భావించి యుందురు. దాని ఫలితము మాత్రము ఫిర్యాదుదారునిపై పడినది. వీధి చివర ఠాణాకు పోయినచో అచ్చటి అధికారికి దర్యాప్తు అధికారము లేదు. అధికారము గలవాడు దూరమున నుండును. 2008లో సవరించిన చట్టము 2009 అక్టోబరు 27న అమలులోనికి వచ్చి, ఆ అధికారమును ఇన్‌స్పెక్టరు హోదాకు దించినది. మారువేషమున కంప్యూటరు ద్వారా మోసగించుట, ఇతరుల రహస్యసంఖ్యలను దొంగిలించి వాడుట మొదలగు నేరములకు వేరువేరు సెక్షనులు ఈ సవరణతోనే వచ్చినవి.

ఈ నడుమ మన తెలుగుగడ్డపైననే ఒక ముఖ్యమైన వివాదము నడచినది. 2003లో హైదరాబాదు సి.ఐ.డి. పోలీసులకు ఒక టెలిఫోను కంపెనీ పక్షమున ఫిర్యాదు అందెను. ఆ కంపెనీ చవకగా ఇచ్చిన చేతిఫోనులలోని క్రమసంఖ్యను మార్చి, మరియొక కంపెనీ వలయములో పనిచేయునట్లు చేయుచున్నారని ఆరోపణ. ప్రతి ఫోనులోను చిప్పు మీద తయారీదారుడు నిలిపిన 32 బిట్ల సంఖ్య యుండెడిది. ఫోను పలుకగానే వలయము ఆ సంఖ్యను అడిగి పోల్చుకొనును. దానిని మార్చుట కంప్యూటరు మూలరచనను తారుమారు చేయుట యగునా? అసలు ఫోను కంప్యూటరేనా? 2005లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చట్టములోని నిర్వచనము ప్రకారము చేతిఫోను కంప్యూటరే అని చెప్పి, ఆ సెక్షను కింద దర్యాప్తు సాగవచ్చునన్నది. నేరము జరిగినదా లేదా అన్నది విచారణలో తేలవలసిన మాట. గాని ఈ నిర్వచనము ప్రాముఖ్యము గలది. నేడు కొత్తవాడ నేతగాని చేతిలోని ఫోనుకు జరుగు ద్రోహము కంప్యూటరు నేరమగునా యను సందేహము ఎవరికిని రాకపోవుటకు ఇట్టి తీర్పులే కారణము.

ఇంతవరకు ఫిర్యాదు యొక్క ఉద్దేశ్యము నేరస్థుని పట్టి శిక్షించుట. సొమ్ము సంగతి పిమ్మట. ఈ వరుస తలక్రిందులగుటకు కారణము సొమ్ము నడచు వేగము. మనియార్డరు చేరుటకు రోజులు పట్టెడిది. 2005లో వచ్చిన ఎన్.ఇ.ఎఫ్.టి. పద్ధతిలో బ్యాంకులు పనిదినములందు, పనివేళలందు సొమ్మును మూటలు మూటలుగా కట్టి పంపుకొనెడివి. సాయంకాలము జరిగిన తప్పును మరునాటి ఉదయము దిద్దుకొనుటకు ఎంతో కొంత వ్యవధి యుండెను. 2010లో ఐ.ఎమ్.పి.ఎస్., 2016లో యూ.పీ.ఐ. వచ్చిన పిమ్మట ఆ వ్యవధి పోయినది. అర్ధరాత్రియైనను ఆదివారమైనను సొమ్ము క్షణములో చేరును. చేరిన సొమ్మును దొంగ క్షణములో మరియొక చోటికి త్రోయును.

ఈ త్రోపుడు ఎట్లుండునో 2022 జనవరిలో హైదరాబాదులో కనబడినది. ఏ.పి. మహేశ్ సహకార అర్బన్ బ్యాంకు కంప్యూటర్లలో చొరబడిన దొంగలు 12.48 కోట్ల రూపాయలను మొదట నాలుగు ఖాతాలలోనికి, వాటి నుండి నూటికి పైగా ఇతర ఖాతాలలోనికి, అటు నుండి మరికొన్నింటిలోనికి మళ్లించి, దేశమందలి వందల ఏ.టీ.ఎమ్.లలో రొక్కము తీసికొనిరి. కాలువ నీరు పిల్లకాలువలలోనికి, పిల్లకాలువల నుండి మడులలోనికి పోయినట్లు పోయినది. మడిలో ఇంకిన నీటిని తోడుట ఎవరి తరము? తూము దగ్గర అడ్డు వేయవలెను.

ఆ అడ్డు వేయు ప్రయత్నము మన దేశములో కొన్ని అంచెలుగా జరిగినది. రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఒక ఆదేశము ఇచ్చినది: తప్పు బ్యాంకుది గాని ఖాతాదారునిది గాని కానప్పుడు, మూడు పనిదినములలో తెలిపిన ఖాతాదారుడు నష్టము భరింప నక్కరలేదు. ఖాతాదారుని అజాగ్రత్త వలన పోయినచో తెలిపిన క్షణము వరకు నష్టము అతనిది, తెలిపిన తరువాతిది బ్యాంకుది. ఫిర్యాదు చేసిన ఘడియకు ధర కట్టిన ఆదేశమిది. 2018 సెప్టెంబరులో స్త్రీలపై, పిల్లలపై జరుగు సైబరు నేరముల కొరకు జాతీయ ఫిర్యాదు పోర్టల్ మొదలై, 2019 ఆగస్టు నుండి అన్నిరకముల సైబరు నేరములకు తెరువబడినది. ఇంటనుండియే ఫిర్యాదు వ్రాయవచ్చును. అయినను వ్రాసిన కాగితము ఠాణాకు పోయి, ఠాణా నుండి బ్యాంకుకు ఉత్తరము పోవులోగా సొమ్ము ఉండదు.

అసలు మలుపు 2021లో వచ్చినది. ఏప్రిల్ 1న కేంద్ర హోంశాఖ 155260 అను టెలిఫోను సంఖ్యను ప్రయోగాత్మకముగా ప్రారంభించినది. మొదట చేరిన ఏడు రాష్ట్రములలో, కేంద్రపాలిత ప్రాంతములలో తెలంగాణము ఒకటి. మొదటి రెండు నెలలలో 1.85 కోట్ల రూపాయలు దొంగల చేతికి పోకుండ ఆపబడినవి. తరువాత జ్ఞాపకముంచుకొనుటకు సులువుగా ఆ సంఖ్యను 1930గా మార్చిరి. (మా తరగతులలో అడిగి చూచితిని, 100 సంఖ్యను ఎరుగని విద్యార్థి లేడు, 1930 సంఖ్యను ఎరిగినవారు మాత్రము కొద్దిమంది.)

దీని పనితీరు చూడుడు. మోసపోయినవాడు ఫోను చేయగానే పోలీసు ఉద్యోగి అతని ఖాతా, పోయిన మొత్తము, పోయిన వేళ, లావాదేవి సంఖ్య అడిగి యంత్రములో ఎక్కించును. యూ.పీ.ఐ. చెల్లింపుకు ఈ సంఖ్య పన్నెండు అంకెలది, ఫోనులోనే యుండును. ఆ వివరములు ఒక చీటీ రూపమున మోసపోయినవాని బ్యాంకుకును, సొమ్ము చేరిన బ్యాంకుకును ఒక్కసారిగా పోవును. చేరిన బ్యాంకు తన పుస్తకము చూచును. సొమ్ము ఇంకను అచ్చటనే యున్నచో పట్టి ఉంచును. ముందుకు పోయినచో ఏ బ్యాంకుకు పోయినదో వ్రాయగా, చీటీ ఆ బ్యాంకుకు పోవును. సొమ్ము నడచిన బాటలోనే చీటీ కూడ నడచును. ఎచ్చట దానిని అందుకొన్నచో అచ్చట ఆపును. ఫిర్యాదుదారునికి రసీదు సంఖ్య సంక్షిప్త సందేశముగా వచ్చును. దానితో 24 గంటలలోగా పోర్టల్‌లో పూర్తి వివరములు వ్రాయవలెనని నియమము పెట్టిరి.

ఇది చిన్న మార్పు కాదు. పూర్వము ఫిర్యాదు దొంగను వెదకెడిది, ఇప్పుడది మొదట సొమ్మును వెదకుచున్నది. దొంగ ఎవరో తెలియకుండగనే అతని చేతిలోనిది జారిపోవచ్చును. నా అభిప్రాయమున గత పాతికేండ్ల చట్టములన్నిటికంటె సామాన్యునికి ఎక్కువ మేలు చేసినది ఈ చీటీయే.

తెలంగాణములో 2023లో రాష్ట్ర సైబరు భద్రతా బ్యూరో ఏర్పడినది. 2024లో జిల్లాలలో ప్రత్యేక సైబరు ఠాణాలు తెరచినప్పుడు వరంగల్లునకు కూడ ఒకటి వచ్చినది. అదే సంవత్సరము జులై 1 నుండి అమలైన కొత్త నేరప్రక్రియా సంహిత, నేరము ఎచ్చట జరిగినను ఏ ఠాణాలోనైనను సమాచారము నమోదు చేయవలెనన్నది. బాధితుడు వరంగల్లులో, దొంగ జార్ఖండులో, ఖాతా బెంగాలులో ఉండు నేరములకు ఈ నియమము ఎంత అవసరమో చెప్పనక్కరలేదు.

అయినను నష్టము కొండలా పెరుగుచున్నది. కేంద్ర ప్రభుత్వము 2025 జులైలో లోక్‌సభకు తెలిపిన లెక్క ప్రకారము సైబరు మోసములలో దేశప్రజలు 2023లో 7,465 కోట్లు, 2024లో 22,845 కోట్లు పోగొట్టుకొన్నారు. 1930 ద్వారా మొదటినుండి ఆపిన మొత్తము 5,489 కోట్లు. పట్టిన దానికంటె జారినదే ఎక్కువ. దీనికి ముఖ్యకారణము ఆలస్యము. ఆలస్యమునకు ముఖ్యకారణము సిగ్గు. వీడియోలో పోలీసు దుస్తులతో కనబడి "నిన్ను డిజిటల్ అరెస్టు చేసినాము" అని బెదరించువారికి లొంగినవారిలో పెద్ద చదువులు చదివినవారు, పదవీ విరమణ చేసిన ఉద్యోగులు ఎందరో కలరు. అట్టి అరెస్టు మన చట్టములలో లేదు. తెలిసిన పిదప, నలుగురు నవ్వుదురని వారు రెండు మూడు రోజులు నోరు మెదపరు. ఆ మూడు రోజులే దొంగకు చాలును.

ఆపిన సొమ్ము తనంత తాను తిరిగి రాదు. అది బ్యాంకులో నిలిచియుండును. కోర్టు ఉత్తరువు కావలసి యుండెను. చిన్న మొత్తము కొరకు వకీలును పెట్టుకొనలేక ఎందరో వదలుకొనిరి. 2024లో తెలంగాణ పోలీసులు, రాష్ట్ర న్యాయసేవాధికార సంస్థ కలసి, ఇట్టి సొమ్మును లోక్ అదాలతుల ద్వారా బాధితులకు ఇప్పించు పద్ధతిని ఏర్పరచిరి. ఇది దేశములో ఇతరులు చూచి నేర్చుకొనదగిన పని.

ఈ చీటీకి రెండవ అంచు కూడ కలదు. దొంగసొమ్ముతో ఒకడు జంపఖానా కొనెననుకొందము. సొమ్ము బాటను అనుసరించి చీటీ నేతగాని ఖాతాకు వచ్చును. రెండువేల రూపాయల కొరకు ఖాతా అంతయు స్తంభించును. నూలు కొనుటకు, కూలి ఇచ్చుటకు చేయి ఆడదు. కేరళలో చిన్న వర్తకులకు ఇట్లే జరుగగా, 2023లో ఆ రాష్ట్ర హైకోర్టు వివాదములోనున్న మొత్తము వరకే ఆపవలెను, ఖాతా అంతయు కాదు అని చెప్పినది. కాబట్టి కొత్తవాడలో ఫోను మీద సరకు అమ్మువారు ప్రతి బేరమునకు చిట్టా వ్రాసి, బిల్లు నకలును, లారీ ఆఫీసు రసీదును, కొన్నవాని సందేశములను తేదీల వారీగా దాచియుంచవలెను. ఖాతా స్తంభించిన దినమున ఠాణాలోను, బ్యాంకులోను చూపవలసినవి అవియే.