ఇంటి జాగా – మన ఊరి హద్దు

ఇంటికి జాగా చూడటం మన గూడేల్లో ఒక్క కుటుంబం పనిగా ఉండేది కాదు. ఆదిలాబాద్ గోండు గూడేల్లో కొత్త ఊరు వేయాలంటే ఊరి పట్లా, దేవారి, పెద్దలు కలిసి చోటు చూసేవారు. ఎండాకాలంలోనూ నీళ్లుండే వాగు దగ్గరుందా, వానాకాలం జొన్నకు తేలిక నేల, యాసంగికి నల్లరేగడి అందుతాయా, పశువులకు మేత, ఇంటికి వెదురు, గడ్డి దొరుకుతాయా అని చూసేవారు. ఊరిని కాచే ఆకిపేన్‌ను నిలిపాకే అది ఊరయ్యేది. రోగాలు వచ్చినా, నేల అలసిపోయినా ఊరు లేచి వేరే చోటికి పోయేది. బీడు పెట్టిన నేలకు కొన్నేళ్ల తర్వాత మళ్లీ వచ్చేది.

ఈ పద్ధతి సర్కారుకు అర్థం కాలేదు. నిజాం కాలంలో రిజర్వు అడవి హద్దులు వేసినప్పుడు మన బీడు భూములను ఎవరివీ కానట్టు అడవిలో కలిపారు. హద్దు లోపల పడిన గూడేలను ఖాళీ చేయించారు. మరోపక్క రోడ్లు పడిన కొద్దీ బయటి రైతులు, షావుకార్లు వచ్చి మంచి నల్లరేగడికి పట్టాలు చేయించుకున్నారు. ఊరు ఎక్కడ ఉండాలో ఊరే తేల్చుకునే రోజులు అలా పోయాయి. కుమ్రం భీం పన్నెండు గూడేల మీద హక్కు అడిగి, 1940లో జోడేఘాట్ వద్ద ప్రాణమిచ్చాడు. ఆ తర్వాతే నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్‌ను మన దగ్గరికి పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి పనిచేశారు. గోండులకు పట్టాలు ఇవ్వడం, మన పిల్లలకు మన భాషలో చదువు చెప్పే ఉపాధ్యాయులను తయారు చేయడం ఆ కాలంలోనే మొదలయ్యాయి.

భూమి చేజారకుండా చట్టాలూ వచ్చాయి. మద్రాసు వైపు ఏజెన్సీలో 1917లోనే ఒక చట్టం ఉంది. ఆంధ్ర ప్రాంతానికి 1959లో చేసిన నిబంధన 1963లో తెలంగాణకు వర్తించింది. దాన్ని గట్టిపరిచినదే 1970 నాటి సవరణ. మనమంతా 1/70 అని పిలుచుకునేది దాన్నే. దీని ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గానీ ఇంటిని గానీ గిరిజనేతరులకు అమ్మడం, కుదువ పెట్టడం, దానమివ్వడం చెల్లదు. అమ్మేవాడు గిరిజనేతరుడైనా కొనేవాడు గిరిజనుడే కావాలి. గిరిజనేతరుడి చేతిలోని భూమి మొదట గిరిజనుడిదే అని చట్టం అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవలసింది ఆయనే.

ఇప్పుడు మన యువత ఉద్యోగాల్లో చేరి ఇళ్ల జాగాలు కొంటున్నారు. పిల్లల చదువు కోసం బస్సు, బడి, ఆసుపత్రి దగ్గరున్న చోటు కోరుకోవడం న్యాయమే. పెద్దలు వాగును చూసినట్టే మనమూ నీళ్లు, వాన నీరు పోయే దారి, ఇరుగుపొరుగు చూడాలి. వాటితో పాటు కాగితం కూడా చూడాలి. ఆదిలాబాద్ జిల్లాలో 1950 నాటి ఉత్తర్వు షెడ్యూల్డ్ ప్రాంతాన్ని గ్రామాల పేర్లతో ప్రకటించింది. కాబట్టి మండలం పేరు చాలదు, ఆ రెవెన్యూ గ్రామం జాబితాలో ఉందో లేదో తహసీల్దారు కార్యాలయంలో అడగాలి. జాబితాలో లేని చోట 1/70 అండ ఉండదు. ఉన్న చోట కొంటే ఆ జాగా మన బిడ్డల తరంలోనూ మనవాళ్లలోనే ఉంటుంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పోడు పట్టా వారసులకు దక్కుతుంది గానీ అమ్మకానికి పనికిరాదు. అందులో ప్లాట్లు చేసి తెల్లకాగితం మీద అమ్మితే కొనకూడదు.

ఇంకొకటి ముఖ్యం. ఏజెన్సీ కేంద్రాల్లో జాగాకు ధర పెరిగిన కొద్దీ, "డబ్బు నాది, పేరు నీది" అని అడిగేవాళ్లు మన యువకుల దగ్గరికి వస్తున్నారు. కొద్దిపాటి డబ్బుకో, మొహమాటానికో సంతకం పెడితే కాగితం మీద గిరిజనుడు, ఇంట్లో వేరేవాడు ఉంటాడు. అలాంటి ఇళ్లు పదైతే ఆ వాడలో మన మాట చెల్లదు. ఇరవై ఐతే గ్రామసభలో కూర్చునేది ఎవరో మనమే అడగాల్సి వస్తుంది. అడిగినవారు స్నేహితులైనా, పై అధికారులైనా ఆ సంతకం పెట్టకూడదు. మన పిల్లలకు బడిలో భీం కథతో పాటు ఈ చట్టాన్నీ చెప్పాలి. జాగా కొనేముందు ఇంటి పెద్దలతో, ఊరి పట్లాతో ఒకసారి కూర్చొని మాట్లాడుకునే అలవాటును మళ్లీ తెచ్చుకోవాలి.