ఆపద్ధనము: అడుగుటకు ముందే సిద్ధపడుట

బ్యాంకులో మనము దాచుకొన్న సొమ్మంతయు దాని ఇనుపపెట్టెలో ఉండదు. కొంత చేత నుంచుకొని, తక్కినది అప్పులుగను ఋణపత్రములుగను మార్చుటయే బ్యాంకు వృత్తి. అందరును ఒక్కమారు వచ్చి అడిగినచో ఎంత గట్టి బ్యాంకైనను తడబడును. అట్టివేళ అప్పిచ్చి నిలబెట్టుట కేంద్ర బ్యాంకు పని. అయితే ఇచ్చువాడు ఉన్నంత మాత్రమున చాలునా?

1866 మే 10వ తేదీ గురువారమునాడు, హుండీల వ్యాపారమున పేరుమోసిన ఓవరెండ్ గర్నీ సంస్థ లండనులో చెల్లింపులు నిలిపివేసినది. ఆస్తులకు మించి బాకీపడిన ఆ సంస్థను ఆదుకొనుటకు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ నిరాకరించినది. కాని మరునాడు నగరమంతయు భీతిల్లగా, మంచి హామీ తెచ్చినవారికి ఒక్క దినములోనే దాదాపు 40 లక్షల పౌన్లు అప్పిచ్చినది. 1873లో వాల్టర్ బేజట్ 'లొంబార్డ్ స్ట్రీట్' అను గ్రంథమున ఇట్టి విధానమునే సూత్రముగా నిలిపెను: భయము ప్రబలినపుడు మంచి తాకట్టుపై, హెచ్చు వడ్డీకి, ధారాళముగా అప్పీయవలెను. బేజట్ మాటలలో 'ధారాళము' అందరికిని జ్ఞాపకమున్నది. 'తాకట్టు' మరుగున పడినది.

అమెరికాలో 1907 నాటి కల్లోలము పిమ్మట, 1913లో ఫెడరల్ రిజర్వు ఏర్పడినది. బ్యాంకులకు అది అప్పిచ్చు ఏర్పాటునకు 'డిస్కౌంటు విండో' అని పేరు. ఆ కిటికీ కడకు పోవుట బ్యాంకులకు నామోషీ. అప్పు సంగతి పొక్కినచో డిపాజిటుదారులు బెదరుదురని శంక. అది వట్టి శంకయు కాదు. 1932లో ప్రభుత్వ పునర్నిర్మాణ ఋణ సంస్థ వద్ద అప్పుగొన్న బ్యాంకుల పేర్లు వెల్లడి కాగా, అవసరమున్న బ్యాంకులే వెనుకాడినవి.

2023 మార్చి 9, అదియు గురువారమే. సిలికాన్ వ్యాలీ బ్యాంకునుండి ఆ ఒక్క దినమున 4,200 కోట్ల డాలర్లు తరలిపోయినవి. మరునాటికి మరి 10,000 కోట్లు కోరబడినవి. ఆ బ్యాంకు 2022లో ఈ కిటికీనుండి అప్పు తీసికొను పద్ధతిని ఒక్కమారైనను పరీక్షించి చూడలేదు. తాకట్టు పత్రములు వేరొకచోట ఉండగా, వానిని సకాలమున మార్పించుకొనలేకపోయినది. 10వ తేదీన మూతపడినది. జీతముల సొమ్మును అందులో ఉంచిన సంస్థల ఉద్యోగులు, 12వ తేదీన ప్రభుత్వము డిపాజిట్లన్నింటికి పూచీపడువరకు, ఊపిరి బిగపట్టి కూర్చుండిరి. ఋణపత్రములపై ఆ బ్యాంకుకు వచ్చిన నష్టములు నిజమైనవే. అప్పు దొరికినను అది బ్రతికెడిదని చెప్పజాలము. కొంత వ్యవధి మాత్రము చిక్కెడిది.

ఇందుండియే శాసన ప్రతిపాదనలు పుట్టినవి. బ్యాంకులు తాకట్టును ముందుగానే కేంద్ర బ్యాంకునకు అప్పగించి, అప్పుడప్పుడు చిన్న మొత్తము అప్పుగొని పద్ధతిని సరిచూచుకొనవలెనని వాని సారాంశము. చిన్న బ్యాంకులకిది భారమను ఆక్షేపణ త్రోసివేయదగినది కాదు. అయినను ఇందొక లాభము కలదని మాకు తోచుచున్నది. 2010 నాటి చట్టము ప్రకారము అప్పుగొన్నవారి పేర్లు రెండేండ్ల తరువాత ప్రకటింపబడుచున్నవి. పరీక్షార్థము గొన్న అప్పులును ఆ పట్టికలో చేరుచున్నవి. అన్ని బ్యాంకుల పేర్లును అందు కనబడిన నాడు, ఏది ఆపదలో అడిగినదో, ఏది అలవాటుగా అడిగినదో చదువరికి తెలియదు.