రంగం ఓడల్లో తిరుగు సామాను

పంతొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దాల నుంచి 1941 దాకా గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల కూలీలు రేవుల్లోనూ బియ్యం మిల్లుల్లోనూ పనికోసం తెలుగువారు రంగం అని పిలిచే రంగూన్‌కు వెళ్లి, కొన్నేళ్లకు కాస్త కూడబెట్టుకుని స్టీమర్లలో తిరిగి వచ్చేవారు. వారిలో అత్యధికులు డెక్ ప్రయాణికులు, అంటే గది లేకుండా ఓడ పైతట్టు మీదనే చోటు చూసుకుని, మూటాముల్లె పక్కనే పెట్టుకుని పడుకునేవారు.

ఆ సామానుకు అసలు గండం నడిసముద్రంలో కాక ఒడ్డు దగ్గరే ఎదురయ్యేది. 1933లో విశాఖ హార్బరు ప్రారంభమయ్యే వరకు అక్కడికి వచ్చిన పెద్ద ఓడలు తీరానికి దూరంగా లంగరు వేసేవి కనుక మనుషులనూ పెట్టెలనూ పడవల్లోకి దించవలసి వచ్చేది. ఈ తీరంలో వాడిన మసూలా పడవల పలకలను మేకులు కొట్టకుండా కొబ్బరిపీచు తాళ్లతో కుట్టేవారు. అందువల్ల కెరటం మోదినప్పుడు అవి పగలక, వంగి నిలదొక్కుకునేవి. ఆ పడవలు కట్టినవారి నేర్పుకు వలస చరిత్రలో దక్కవలసినంత చోటు దక్కలేదు.

1941 డిసెంబరు 23న రంగూన్‌పై జపాను బాంబులు పడ్డాక ఓడల్లో చోటు దొరకని లక్షలాది భారతీయులు సామాను వదిలి అరకాన్, మణిపురం దారుల్లో నడిచారు. 1964లో బర్మా సైనిక ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేసినప్పుడు మళ్లీ ఓడలెక్కిన కుటుంబాలను నగలు, నగదు తీసుకువెళ్లకుండా ఆంక్షలు అడ్డుకున్నాయి. అలా వచ్చినవారిలో కొందరు విశాఖలోని కంచరపాలెం బర్మా క్యాంపులో స్థిరపడ్డారు.