సన్నీవేల్ ఇంట్లో మూడు దీపాలు

తొంభైల చివర్లో సన్నీవేల్ వచ్చి అపార్ట్‌మెంటులో దిగిన మనవాళ్లలో చాలామందికి మొదటి రాత్రే ఒక ఆశ్చర్యం ఎదురయ్యేది. హాల్లో పైన లైటు లేదు! మన ఊళ్లో ఎంత చిన్న ఇల్లయినా ముందుగదిలో గోడకు ట్యూబ్‌లైటు, వంటింట్లో గుండు బల్బు, పడకగదిలో జీరో బల్బు ఉండాల్సిందే. ఇక్కడ స్విచ్చి వేస్తే గోడకున్న ప్లగ్గులోకి కరెంటు వస్తుంది, అంతే. దీపం మనమే కొనుక్కోవాలి.

అలా కొనుక్కున్నదే మన మొదటి దీపం. నిలువెత్తు కడ్డీ, దాని మీద వెల్లకిలా గిన్నె పెట్టినట్టుండే హాలోజెన్ దీపం. చవక, పైగా వెలుతురు బోలెడు. ఆ గిన్నెలో ఉన్నది సాధారణంగా 300 వాట్ల బల్బు. అంటే అయిదు 60 వాట్ల బల్బులు ఒకేసారి వెలిగించినట్టు. దాని వేడికి పరదాలు అంటుకుని ఇళ్లు కాలిన సంఘటనలు జరిగాక, 1997లో వినియోగదారుల భద్రతా సంస్థ దేశంలోని సుమారు 4 కోట్ల దీపాలకు తీగ జాలీలు బిగించుకొమ్మని చెప్పింది. గదికో దీపం పెట్టుకున్న మనలో ఎందరు ఆ మాట విన్నామో!

“లైటు ఆర్పు, కరెంటు నీ తాత కడతాడా?” అని నాన్నల చేత తిట్లు తిని పెరిగిన తరం మనది. అమెరికాలో అడిగేవాళ్లు లేరనుకున్నాం. నిజానికి ఇక్కడా అలాంటి నాన్న ఒకాయన ఉండేవారు. పేరు ఆర్థర్ రోజెన్‌ఫెల్డ్. ఎన్రికో ఫెర్మీ దగ్గర చదువుకున్న భౌతిక శాస్త్రవేత్త. 1973లో అరబ్బు దేశాలు చమురు ఆపినప్పుడు పెట్రోలు కోసం బారులు తీరిన రోజుల్లో, ఒక శుక్రవారం రాత్రి బర్క్‌లీలో తన ఆఫీసు నుంచి ఇంటికి వెళ్తూ, అంతస్తులో వెలుగుతున్న లైట్లన్నీ ఆర్పుదామనుకున్నారు. కొన్ని గదుల్లో స్విచ్చులు బీరువాల వెనక, పుస్తకాల వెనక దాక్కుని ఉన్నాయి. ఎవరూ ఏనాడూ ఆర్పలేదన్నమాట! ఆయన కణ భౌతికశాస్త్ర పరిశోధన వదిలిపెట్టి కరెంటు పొదుపు మీద పడ్డారు. ట్యూబ్‌లైటు చోకు స్థానంలో వచ్చిన ఎలక్ట్రానిక్ బ్యాలస్టు ఆ బర్క్‌లీ ప్రయోగశాల ప్రోత్సాహంతోనే బజారుకెక్కింది. అది లేకపోతే మన రెండో దీపం లేదు.

రెండో దీపం మన ఇళ్లకు ఊరికే రాలేదు. కాలిఫోర్నియా 1996లో చట్టం చేసి 1998లో కరెంటును బజారు సరుకు చేసింది. మన రాష్ట్రంలోనూ దాదాపు అదే కాలంలో, 1999లో, విద్యుత్ బోర్డును జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడదీశారు. చార్జీల పెంపుకు వ్యతిరేకంగా 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో జరిగిన ప్రదర్శనపై పోలీసులు కాల్పులు జరిపితే ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. ఆ వార్త ఇంటర్నెట్లో చదివి నిట్టూర్చిన సన్నీవేల్ తెలుగువాడికి అయిదు నెలలు తిరక్కుండానే తన వంతు వచ్చింది. 2001 జనవరి 17న ఉత్తర కాలిఫోర్నియాలో వంతులవారీ కోతలు మొదలయ్యాయి. ఏ బ్లాకు వాళ్లకు ఎప్పుడు పోతుందో తెలుసుకోవడానికి కరెంటు బిల్లు తీసి బ్లాకు నంబరు వెతుక్కోవడం అప్పుడే అలవాటయింది. సిలికాన్ వ్యాలీలో కరెంటు కోత! కొవ్వొత్తి ఎక్కడుందో తడుముకోకుండా తెచ్చింది బహుశా మనవాళ్లే అయ్యుంటారు.

ఆ ఏప్రిల్లో పి.జి.అండ్ ఇ. దివాలా పిటిషన్ వేసింది. గవర్నర్ గ్రే డేవిస్ ఒక పథకం పెట్టారు: గత వేసవికంటే 20 శాతం తక్కువ వాడితే బిల్లులో 20 శాతం తగ్గింపు. డాట్‌కాం కంపెనీలు మూతబడి ఉద్యోగాలు పోతున్న రోజులవి. పది డాలర్లయినా పది డాలర్లే. హాలోజెన్ స్తంభాలు గరాజులకెళ్లాయి, చుట్టలు తిరిగిన సి.ఎఫ్.ఎల్. బల్బులు ఇళ్లకొచ్చాయి. 60 వాట్ల పని 14 వాట్లతో అయిపోయేది. మే 8 తర్వాత ఆ ఏడాది మళ్లీ కోతలు రాలేదు. ఆ కొరతలో కొంత భాగం ఎన్‌రాన్ వంటి వ్యాపారుల ఎత్తుగడలతో కల్పించినదేనని మరుసటి ఏడాది బయటపడిన పత్రాలు తేల్చాయి. మనం బల్బులు మార్చుకుంటుంటే వాళ్లు లెక్కలు మార్చుకున్నారన్నమాట! అయినా ఆ వేసవి ఇళ్లలో జరిగిన పొదుపు మాత్రం కల్పితం కాదు.

సి.ఎఫ్.ఎల్.ను తొందరపడి జనం నెత్తిన పెట్టారని నా అభిప్రాయం. స్విచ్చి వేసినా నిమిషం దాకా పూర్తిగా వెలిగేది కాదు. స్నానాల గదిలో మాటిమాటికీ వేసి ఆర్పితే తొందరగా పోయేది. లోపల కొద్దిగా పాదరసం ఉంటుంది కాబట్టి చెత్తబుట్టలో వెయ్యకూడదు. విశాఖపట్నం జిల్లాలో కార్బన్ క్రెడిట్ల పథకం కింద పాత బల్బు తీసుకుని చౌకగా సి.ఎఫ్.ఎల్. ఇచ్చిన రోజుల్లో ఇక్కడ మనం వాటి మీద విసుక్కుంటున్నాం.

మూడో దీపానికి పుట్టిల్లు ఒక రకంగా మన వ్యాలీయే. 1972లో హ్యూలెట్ ప్యాకర్డ్ తెచ్చిన హెచ్.పి.-35 కాల్క్యులేటరులో ఎర్రగా మెరిసిన అంకెలు ఎల్.ఈ.డి.లే. ఎరుపు సులువు, నీలం దుర్లభం. నీలం లేనిదే తెలుపు రాదు. దాన్ని జపాన్‌లో సాధించిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. 2012లో 60 వాట్లకు బదులుగా వచ్చిన ఫిలిప్స్ బల్బు ధర 50 డాలర్లు పైమాటే. షాపులో అటు తిప్పీ ఇటు తిప్పీ చూసి మళ్లీ అక్కడే పెట్టేశాను.

ధర దించడంలో మన ఊళ్ల పాత్ర తక్కువేమీ కాదు. 2014 అక్టోబరులో గుంటూరు, అనంతపురం, శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి జిల్లాల్లో పాత బల్బు ఇచ్చినవాళ్లకు పది రూపాయలకే ఎల్.ఈ.డి. ఇచ్చే పంపిణీ మొదలైంది. అదే నెల 12న హుద్‌హుద్ తుపాను విశాఖను చీకటి చేసింది. తర్వాత వీధి దీపాలన్నీ ఎల్.ఈ.డి.లుగా మళ్లీ వెలిగాయి. కోట్ల లెక్కన ఒకేసారి కొనడంతో, 2014 మొదట్లో 310 రూపాయలున్న టోకు ధర మూడేళ్లలో 38కి దిగింది.

లెక్క చూద్దాం. ఆరు 60 వాట్ల బల్బులు రోజుకు అయిదు గంటలు వెలిగితే ఏడాదికి 657 యూనిట్లు. అదే తొమ్మిది వాట్ల ఎల్.ఈ.డి.లయితే 99. యూనిట్ 30 సెంట్లు వేసుకున్నా ఏడాదికి 167 డాలర్లు మిగులుతుంది. సన్నీవేల్ ధరలు దానికంటే పైనే ఉన్నాయి.

తర్వాత చట్టం పని పూర్తిచేసింది. దేశమంతటా 2012లో రావాల్సిన 100 వాట్ల బల్బు నిబంధనను కాలిఫోర్నియా ఏడాది ముందే, 2011 జనవరి 1న తెచ్చింది. 2024 నుంచి ఈ రాష్ట్రంలో మామూలు హోల్డరులో తిప్పి బిగించే సి.ఎఫ్.ఎల్. కొత్తది అమ్మడమూ ఆగిపోయింది. 

అమ్మ వచ్చినప్పుడల్లా ఇప్పటికీ గది గదికీ వెళ్లి లైట్లు ఆర్పుతుంది. “ఇది తొమ్మిది వాట్లేనమ్మా” అంటే, “అయితే మాత్రం!” అంటుంది. గరాజులో అటక మీద నాలుగు చుట్ట బల్బులు అట్టపెట్టెలో ఇంకా ఉన్నాయి. పాదరసం కదా, కౌంటీ వాళ్ల దగ్గర అపాయింట్‌మెంటు తీసుకుని అప్పగించి రావాలి. ఏళ్లుగా అనుకుంటూనే ఉన్నాను.