న్యూయార్క్ ప్రభుత్వ గృహసముదాయాలు, రాత్రి దీపాలు

న్యూయార్క్ నగర గృహనిర్మాణ సంస్థ 1934లో ఏర్పడినప్పటికీ, ఆరుబయటి వెలుతురు అక్కడ పెద్ద సమస్యగా మారింది రెండో ప్రపంచ యుద్ధం తరువాత, పాత వీధులను మూసివేసి పచ్చికబయళ్ల నడుమ ఎత్తైన భవనాలను విడివిడిగా నిలిపే పద్ధతి వ్యాపించినప్పుడే. అంగళ్లు బారులు తీరిన వీధికి సహజంగా దక్కే వెలుగూ జనసంచారమూ ఈ విశాలమైన ఆవరణలకు కరువయ్యాయి. నివాసులు తమదిగా భావించి కనిపెట్టుకోగలిగేలా ఆవరణను తీర్చిదిద్దాలని, దానికే ‘రక్షణీయ స్థలం’ అని పేరుపెట్టి, వాస్తుశిల్పి ఆస్కార్ న్యూమన్ 1972లో వాదించాడు.

2014లో నేరాలు ఎక్కువగా జరిగే 15 సముదాయాలలో నగర పాలకులు డీజిల్ జనరేటర్లతో నడిచే తాత్కాలిక దీపస్తంభాలను నిలిపారు. 2016లో షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకుల తోడ్పాటుతో, స్తంభాలు ఎక్కడ పెట్టాలో లాటరీ పద్ధతిన నిర్ణయించి పరీక్షించగా, రాత్రిపూట ఆరుబయట జరిగే హత్య, దోపిడీ, తీవ్రమైన దాడి వంటి నేరాలు సుమారు 36 శాతం తగ్గినట్లు తేలింది. ఫలితం గట్టిదే, కాని తెల్లవార్లూ జనరేటర్ రొదనూ, కిటికీలోంచి పడే తెల్లని వెలుగునూ భరించవలసినవారు నివాసులే. పైగా, సూర్యాస్తమయం తరువాత 14 ఏళ్లు దాటిన నల్లజాతి, ఆదివాసీ బానిసలు తెల్లవారి తోడు లేకుండా తిరిగితే లాంతరు పట్టుకొని తీరాలని 1713లో ఇదే నగరం శాసించినందున, ఈ వెలుగును నిఘాకు కొనసాగింపుగా చూసిన విమర్శకులూ ఉన్నారు.