స్పియాన్ కాప్ (ఆన్‌ఫీల్డ్)

ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ నగరంలో, లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్ సొంత మైదానమైన ఆన్‌ఫీల్డ్‌లో, ఒక గోల్ వెనుక వాల్టన్ బ్రెక్ రోడ్డు వైపున్న ప్రేక్షకుల స్టాండును స్పియాన్ కాప్ అంటారు. వాడుకలో అది ఒట్టి ‘కాప్’. 1906 నుంచి 1994 దాకా అక్కడ కుర్చీలు లేవు. టికెట్టు కొన్నవారు మెట్ల మీద నిలబడే ఆట చూసేవారు. మన సినిమా హాళ్లలో నేల టికెట్టుకు ఉండిన స్థానం ఆ మైదానంలో దానిది: చవక, ఇరుకు, అందరినీ మించిన గోల. కాప్‌కు పేరు తెచ్చింది ఆ నిలబడటమేననీ, కుర్చీలు వేసిననాడే అది పోయిందనీ చాలామంది నమ్మకం. దాని చరిత్రను వరసగా చూస్తే వేరే సంగతి తేలుతుంది. కాప్‌కు సొంతమని చెప్పుకునేవన్నీ దాదాపు అరువు సొత్తే. పరాయివాటిని తెచ్చి తమవిగా చేసుకోవడమే అక్కడి జనం గొప్ప.

పేరుతోనే మొదలుపెట్టవచ్చు. దక్షిణాఫ్రికాలోని నేటాల్‌లో, బోయర్ యుద్ధకాలంలో, 1900 జనవరిలో స్పియాన్ కాప్ అనే కొండ కోసం పోరు జరిగింది. కాపలావాళ్లు చుట్టూ కనిపెట్టి చూసే కొండ అని ఆ పేరుకు అర్థం. అక్కడ చచ్చిపోయిన బ్రిటిష్ సైనికుల్లో లివర్‌పూల్ పరిసరాలైన లాంకషైర్ దళాలవారు ఎందరో ఉన్నారు. ఆ కొండ మీది క్షతగాత్రులను మోసినవారిలో గాంధీ నడిపిన భారతీయ అంబులెన్స్ దళం ఒకటి. ఆ దళంలోని సుమారు 1,100 మందిలో ఎక్కువమంది ఒప్పందపు కూలీలు. ఆనాడు నేటాల్ చేరిన కూలీల్లో తమిళులతోపాటు తెలుగువారూ ఉండేవారు. ఆరేళ్ల తరువాత, 1906లో, లివర్‌పూల్ రెండోసారి లీగ్ విజేత అయినప్పుడు వాస్తుశిల్పి ఆర్కిబాల్డ్ లీచ్ నమూనాతో గోల్ వెనుక ఎత్తైన గట్టు లేచింది. స్థానిక పత్రిక క్రీడా సంపాదకుడు ఎర్నెస్ట్ ఎడ్వర్డ్స్ దానికి ఆ కొండ పేరు పెట్టాడు. అయితే ఆ ఊహ కూడా కొత్తది కాదు. లండన్‌లోని ఊలిచ్ ఆర్సెనల్ మైదానపు గట్టును అంతకు ముందే అలా పిలిచారు. షెఫీల్డ్‌లో, బర్మింగ్‌హామ్‌లో కూడా కాప్‌లున్నాయి. అయినా ఊరి పేరు చెప్పకుండా కాప్ అంటే ఎక్కువమందికి తోచేది ఆన్‌ఫీల్డే.

కాప్ మూల మీది జెండా కొయ్య చరిత్రా ఇలాంటిదే. ఇంజనీరు బ్రూనెల్ రూపొందించిన గ్రేట్ ఈస్టర్న్ ఓడ 1858లో నీటిలోకి దిగింది. 1870లో బొంబాయి నుంచి ఏడెన్‌కు సముద్రం అడుగున తంతి తీగ పరిచిన ఓడ ఇదే. ముసలిదయ్యాక దాన్ని మెర్సీ నది ఒడ్డున ముక్కలు చేస్తే, దాని తెరచాప కొయ్య ఒకటి ఆన్‌ఫీల్డ్‌కు చేరి ఇప్పటికీ జెండా మోస్తోంది. 1928లో గట్టును పెంచి పైకప్పు వేశారు. దాదాపు 30,000 మంది దాని కింద పట్టేవారు. ఆ కప్పు కేకను బయటికి పోనివ్వక మైదానం మీదికే తిప్పి కొట్టేది. లోపలి ఇరుకు మాత్రం ఇసుక వేస్తే రాలనంత. గోల్ పడగానే జనం అలలా కిందికి జారితే, నిలుచున్న మెట్టుకు మళ్లీ చేరడం ఎవరి చేతిలోనూ ఉండేది కాదు. మూత్రానికి వెళ్లే దారిలేక, చుట్టిన వార్తాపత్రికలోనే పని కానిచ్చేవారన్నది ఆ కాలపు వాళ్లు నవ్వుతూ చెప్పుకునే మాట. నవ్వుతున్నారు గనక అది సుఖమని కాదు.

ఇరుకూ కప్పే ఆ హోరును పుట్టించాయంటే ఒక చిక్కు ఉంది. కప్పు పడ్డ తరువాత ముప్పై ఏళ్లకు పైగా ఆ జనం కేకలు వేశారే తప్ప, ఒక్క గొంతుగా పాడే అలవాటుకు పేరుపడలేదు. పాట 1960ల్లోనే వచ్చింది. బిల్ షాంక్లీ మేనేజరుగా జట్టు 1962లో పై డివిజన్‌కు ఎక్కి 1964లో లీగ్ గెలిచింది. సరిగ్గా అప్పుడే బీటిల్స్‌తో ఆ ఊరి సంగీతం లోకమంతా మోగుతోంది. ఆట మొదలయ్యే ముందు మైకులో వచ్చే రికార్డులతో గొంతు కలపడం కాప్ జనానికి అలవాటైంది. 1945 నాటి ‘కారౌసెల్’ అనే అమెరికన్ సంగీత నాటకంలోని ‘యూ విల్ నెవర్ వాక్ అలోన్’ను 1963లో ఆ ఊరి బృందమే, జెర్రీ అండ్ ది పేస్‌మేకర్స్, కొత్తగా పాడి విడుదల చేసింది. నాటకంలో ఒక చావు తరువాత ఓదార్పుగా వచ్చే పాట అది. కాప్ దాన్ని పట్టుకుంది, ఇక వదల్లేదు. 1964లోనే బీబీసీ టీవీ కార్యక్రమం ‘పనోరమా’ ఆ జనం పాటను ఒక వింతగా చిత్రించింది. కనుక మెట్లు వీలు కల్పించాయంతే. పాట ఆ కాలం, ఆ ఊరు ఇచ్చినది.

నిలుచునే మెట్ల మీద పెద్ద అభ్యంతరం 1989 ఏప్రిల్ 15 నాటిది. షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో ఇనుప కంచెల మధ్య నిలుచున్న లివర్‌పూల్ అభిమానులు నలిగిపోయారు. ఆ ఘటనలో 97 మంది మరణించినట్టు నేటి లెక్క. అంతకు ముందు 1946లో బోల్టన్‌లో 33 మంది, 1971లో గ్లాస్గోలోని ఐబ్రాక్స్ మెట్ల దారిలో 66 మంది పోయారు. ఇన్ని ప్రాణాల ముందు నిలుచునే మెట్ల మీది మమకారం ఏపాటిదని అడగడం న్యాయమే. దీనికి జవాబులో రెండు వైపులున్నాయి. హిల్స్‌బరోపై విచారణ జరిపిన న్యాయమూర్తి టేలర్ నివేదిక 1990లో కుర్చీల వైపే మొగ్గింది. కానీ హిల్స్‌బరోలో ప్రధాన కారణం పోలీసు నియంత్రణ కూలిపోవడమని కూడా ఆ విచారణే తేల్చింది. తప్పు నిలబడటానిది కాదు, జనాన్ని కంచెల్లోకి పంపి గేట్ల దగ్గర అదుపు చేయలేకపోయిన పోలీసులది. అయినా పాత కాప్‌ను అలాగే ఉంచాలనడం మొండితనమే. దాన్ని కట్టిన కాలపు భద్రతా లెక్కలు వేరు.

1994 ఏప్రిల్ 30న నార్విచ్‌తో ఆటలో నిలుచునే కాప్ చివరిసారి నిండింది. జట్టు 1-0తో ఓడింది. తరువాత వచ్చిన స్టాండులో సీట్లు 12,000 పైచిలుకు మాత్రమే. టికెట్ల ధరలు పెరగడంతో గేటు దగ్గర చిల్లర ఇచ్చి లోపలికి వచ్చే రకం జనం తగ్గిపోవడం నిజమైన నష్టం. కానీ కాప్ చచ్చిపోయిందనేవారికి 2016 ఫిబ్రవరి జవాబు చెప్పింది. 77 పౌండ్ల టికెట్టు ప్రకటనకు నిరసనగా, సండర్‌లాండ్‌తో ఆటలో 77వ నిమిషాన వేలమంది సీట్లు వదిలి బయటికి నడిచారు. యాజమాన్యం వెనక్కి తగ్గింది. కలిసి పాడటం నేర్చిన జనానికి కలిసి మౌనంగా లేచిపోవడం కూడా తెలుసు. 2021లో కాప్‌లో కొంత భాగానికి ముందు ఇనుప కడ్డీ ఉన్న సీట్లు వేశారు, వాటి దగ్గర భద్రంగా నిలబడవచ్చు. ఈ ఏర్పాటు అంతకు ముందే జర్మనీ మైదానాల్లో వాడుకలో ఉంది. అంటే నిలబడటం కూడా ఈసారి అరువుగానే ఆన్‌ఫీల్డ్‌కు తిరిగి వచ్చింది.