మెయిన్ ఆఫ్ చేసినా ఆగని కరెంటు: స్విస్‌ఎయిర్ 111

ఇంట్లో ఎక్కడో వైరు కాలిన వాసన వచ్చిందనుకోండి. అమ్మ మొదట అరిచే మాట ఏంటి? "ముందు మెయిన్ ఆఫ్ చెయ్యరా!" అంతే కదా. ఎక్కడ కాలిందో తర్వాత వెతుక్కోవచ్చు.

ఇప్పుడు ఇంకోటి అనుకోండి. పోయినేడాది పై గదిలో ఏసీ పెట్టించారు. ఉన్న లైన్‌కి లోడ్ సరిపోదని ఎలక్ట్రీషియన్ మెయిన్ స్విచ్‌కి ముందు నుంచే ఒక లైన్ లాగి ఏసీకి ఇచ్చేశాడు. ఏసీ చల్లగా వస్తోంది, ఎవరికీ ఏ అనుమానమూ లేదు. కాలిన వాసన వచ్చిన రోజు మీరు పరిగెత్తి మెయిన్ ఆఫ్ చేస్తారు. ఇల్లంతా చీకటి. కానీ ఆ ఒక్క లైన్‌లో కరెంటు పారుతూనే ఉంటుంది. ఆ సంగతి మీకు తెలీదు.

ఈ రోజు కథ ఇదే. కాకపోతే ఇల్లు కాదు, 33 వేల అడుగుల ఎత్తులో ఉన్న విమానం.

1998 సెప్టెంబర్ 2. న్యూయార్క్ నుంచి జెనీవాకి స్విస్‌ఎయిర్ 111 బయల్దేరింది. విమానం ఎండీ-11, మూడు ఇంజిన్లది. 215 మంది ప్రయాణికులు, 14 మంది సిబ్బంది. కార్గోలో పికాసో గీసిన ఒక పెయింటింగ్ కూడా ఉంది. కెనడా టైమ్ ప్రకారం రాత్రి 10:10కి కాక్‌పిట్‌లో ఏదో తేడా వాసన. మొదట ఏసీ నుంచి అనుకున్నారు. నాలుగు నిమిషాల్లో పొగ కనబడింది. కెప్టెన్ అర్స్ జిమ్మర్‌మన్, కో-పైలట్ స్టెఫాన్ లోవ్ 'పాన్ పాన్' అని చెప్పి, దగ్గర్లోని హాలిఫాక్స్ వైపు తిప్పారు. ఎత్తు తగ్గించాలి, ఇంధనం వదలాలి, చెక్‌లిస్ట్ తీయాలి. ఎక్కడి నుంచి వస్తోందో తెలియని పొగకి ఒక చెక్‌లిస్ట్ ఉంది. అందులో మొదటి పని: క్యాబిన్ బస్ స్విచ్ ఆఫ్. అంటే ప్రయాణికుల వైపు ఉన్న, ఎగరడానికి అవసరం లేని కరెంటంతా ఒక్క దెబ్బకి కట్. మన ఇంటి మెయిన్ స్విచ్ లాంటిదే అన్నమాట.

వాళ్లు ఆ స్విచ్ ఆఫ్ చేశారు. కాసేపటికే ఆటోపైలట్ పోయింది, ఒకదాని వెంట ఒకటి సిస్టమ్స్ పడిపోయాయి. 10:24కి ఎమర్జెన్సీ ప్రకటించారు. ఇంకో నిమిషానికి రేడియో లేదు, బ్లాక్ బాక్స్‌లు కూడా ఆగిపోయాయి. 10:31కి నోవా స్కోషియా తీరంలో పెగ్గీస్ కోవ్ దగ్గర విమానం సముద్రంలో పడింది. 229 మందిలో ఒక్కరు కూడా బతకలేదు. వాసన వచ్చినప్పటి నుంచి లెక్కేస్తే మొత్తం 21 నిమిషాలు.

క్యాబిన్ బస్ స్విచ్ ఆపినా ఆగని లైన్ ఒకటి ఆ విమానంలో ఉంది. అది సీట్ల ముందుండే టీవీలది.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్దాం. విమానం డిజైన్‌కి ప్రభుత్వం ఇచ్చే ఆమోదాన్ని టైప్ సర్టిఫికెట్ అంటారు. అమెరికాలో మొట్టమొదటిది 1927లో బుల్ ఎయిర్‌స్టర్ అనే చిన్న బైప్లేన్‌కి ఇచ్చారు. విమానానికి వేరు, ఇంజిన్‌కి వేరు, ప్రొపెల్లర్‌కి వేరు సర్టిఫికెట్. ఈ డిజైన్ సేఫ్ అని లెక్కలు చూపించి, టెస్టులు చేసి సంపాదించిన మాట అది. తర్వాత దాంట్లో పెద్ద మార్పు ఏది చేసినా మళ్లీ ఆమోదం కావాలి. తయారు చేసిన కంపెనీయే మార్చితే పాత సర్టిఫికెట్‌నే సవరిస్తారు. బయటి కంపెనీ ఎవరైనా వచ్చి ఏదైనా బిగిస్తే దానికి సప్లిమెంటల్ టైప్ సర్టిఫికెట్ తీసుకోవాలి. పొట్టిగా ఎస్‌టీసీ. మన డీజీసీఏ రూల్స్‌లో కూడా ఇదే పద్ధతి.

స్విస్‌ఎయిర్ 1997 నుంచి తన ఎండీ-11లలో కొత్త వినోదం పెట్టింది. టచ్ స్క్రీన్, నచ్చిన సినిమా నచ్చినప్పుడు, గేమ్స్, షాపింగ్, చివరికి జూదం కూడా. 1997లో అంటే అది మామూలు విషయం కాదు, అప్పటికి మనలో చాలామంది ఇళ్లలో కంప్యూటరే లేదు. మొదటి ప్లాన్ 257 సీట్లకీ స్క్రీన్లు పెట్టడం. అంత లోడ్‌ని క్యాబిన్ బస్ మోయలేదు. అందుకని ఏసీ బస్ 2 అనే ఇంకో పెద్ద లైన్ నుంచి కరెంటు తీసుకున్నారు. ఆ లైన్ క్యాబిన్ బస్ స్విచ్ కిందకి రాదు. తర్వాత ప్లాన్ తగ్గించి, కూలిన ఆ విమానంలో ఫస్ట్, బిజినెస్ క్లాస్ సీట్లకే స్క్రీన్లు ఉంచారు. లోడ్ తగ్గింది గానీ, కనెక్షన్ మాత్రం అక్కడే ఉండిపోయింది.

మరి దీన్ని ఎవరూ చూడలేదా అంటే, చూశారు. పేపర్లున్నాయి, ఎస్‌టీసీ కూడా ఉంది. 1996 నవంబర్‌లో ఇచ్చారు. అయితే ఇచ్చింది నేరుగా అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ కాదు. ఎఫ్ఏఏ తన తరఫున ఆమోదించే అధికారాన్ని కొన్ని ప్రైవేట్ సంస్థలకి అప్పగించేది. కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా ఏరోస్పేస్ అలాంటిది. కరెంటు కొలతలు చూశారు, బ్రేకర్లు చూశారు. వినోదం సిస్టమ్ 'అవసరమైనది కాదు' అనే వర్గంలో పడింది కాబట్టి లోతైన భద్రతా విశ్లేషణ అడగలేదు. సినిమా ఆగిపోతే ఎవరికి నష్టం? విమానం ఎగురుతుంది కదా! లాజిక్ వినడానికి బానే ఉంటుంది. కానీ అడగాల్సిన ప్రశ్న 'ఇది ఆగిపోతే ఏమవుతుంది' మాత్రమే కాదు, 'దీన్ని ఆపాల్సి వస్తే ఆగుతుందా' అని కూడా. ఆ రెండో ప్రశ్నకి జవాబు పైలట్ల చెక్‌లిస్ట్‌లో ఉంది. చెక్‌లిస్ట్‌ని, వైరింగ్ డ్రాయింగ్‌ని పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు లేరు.

నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. మొదటి ఉద్యోగంలో పాత బిల్లింగ్ సిస్టమ్‌కి చిన్న రిపోర్ట్ ఫీచర్ కలిపాను. టెస్టులన్నీ పాస్. రాత్రి బ్యాకప్ స్క్రిప్ట్ ఒకటుండేది. అది ఒక సర్వీస్‌ని ఆపేస్తే డేటాబేస్‌లోకి రాతలన్నీ ఆగిపోతాయన్న నమ్మకం మీద నడిచేది. నా ఫీచర్ ఆ సర్వీస్‌ని దాటుకుని నేరుగా రాసేది. రివ్యూ చేసిన సీనియర్ నా కోడ్ చూశాడు, నేనూ నా కోడే చూసుకున్నా. ఆ స్క్రిప్ట్ ఎవరికీ గుర్తు రాలేదు. మాకు పోయింది రెండు రాత్రుల నిద్ర, కొంచెం పరువు. అందుకే స్విస్‌ఎయిర్ రిపోర్ట్ చదువుతున్నప్పుడు నాకు వాళ్ల మీద కోపం కంటే భయం ఎక్కువ వేసింది.

ఇప్పుడు నిజాయితీగా ఒక విషయం. ఆ స్విచ్ సరిగ్గా పనిచేసుంటే 229 మంది బతికేవాళ్లు అని నేను అనట్లేదు, దర్యాప్తు కూడా అనలేదు. కెనడా రవాణా భద్రతా బోర్డు నాలుగేళ్లకి పైగా, 5.7 కోట్ల కెనడా డాలర్ల ఖర్చుతో దీన్ని తవ్వింది. సుమారు 55 మీటర్ల లోతు నుంచి, బరువు లెక్కన విమానంలో దాదాపు 98 శాతం బయటికి తీశారు. ఎండీ-11లో ఉండే వైరు సుమారు 250 కిలోమీటర్లు. ఆ ముక్కలన్నీ చేత్తో ఏరి, విమానం ముందు భాగం 10 మీటర్లని మళ్లీ నిలబెట్టారు. కాక్‌పిట్ వెనక గోడ దగ్గర, కుడివైపు సీలింగ్ పైన మంట మొదలైందని తేల్చారు. వైరు తొడుగు దెబ్బతిని, స్పార్క్ కొట్టి, రాగి కరిగిన ముక్కల్లో ఒకటి ఈ వినోదం సిస్టమ్ కేబుల్‌ది. మంట మొదలైన ఘటనకి దానితో సంబంధం ఉంది అన్నారు. కానీ అదే మొట్టమొదటి స్పార్క్ అని చెప్పలేకపోయారు, ఇంకో వైరు కూడా ఉండి ఉండొచ్చన్నారు. వాసన వచ్చిన వెంటనే నేరుగా దిగడానికి ప్రయత్నించినా టైమ్ సరిపోయేది కాదని లెక్కలు తేల్చాయి.

ఎందుకంటే స్పార్క్ ఒక్కటే అంత పని చేయలేదు. అది అంటుకోవడానికి అక్కడ ఏదో ఉండాలి కదా. విమానం గోడల వెనక వేడి, చలి ఆపే దుప్పట్లు ఉంటాయి. వాటి పైతొడుగు మెరిసే ప్లాస్టిక్ పొర, పేరు ఎంపెట్. దీనికీ సర్టిఫికెట్ ఉంది. టెస్టు ఏంటంటే బున్సెన్ బర్నర్ మంట పెట్టి చూడటం. ఆ పల్చటి పొర మంట తగలగానే ముడుచుకుని పక్కకి తప్పుకునేది, పాస్ అయిపోయేది. 1993లో కోపెన్‌హేగన్‌లో ఒక ఎండీ-87 నేల మీద కాలినప్పుడే దీని గుణం బయటపడింది. 1997లో తయారీదారు తీసేయమని సలహా ఇచ్చారు. సలహా మాత్రమే, ఆదేశం కాదు. ఇంకో పిడుగు ఏంటంటే, పైలట్లు క్యాబిన్ బస్ ఆఫ్ చేయగానే క్యాబిన్‌లో గాలి తిప్పే ఫ్యాన్లు కూడా ఆగాయి, సీలింగ్ పైన గాలి దిశ మారింది. అప్పటిదాకా వెనక్కి పోతున్న పొగ, మంట కాక్‌పిట్ వైపు తిరిగాయి. వాళ్లు చేసింది పుస్తకంలో రాసిందే.

తర్వాత ఏం జరిగింది? 1998 అక్టోబర్ చివర్లో స్విస్‌ఎయిర్ స్క్రీన్లన్నీ ఆపేసింది. 1999లో ఎఫ్ఏఏ ఈ సిస్టమ్‌ని నిషేధించింది. పొగ వచ్చినప్పుడు పైలట్లు చేయాల్సిన పనికీ, ఎండీ-11 డిజైన్ ఆలోచనకీ ఇది పొసగదు అన్నది ఆ ఆదేశం సారాంశం. మూడేళ్ల ముందు ఎస్‌టీసీ ఇచ్చేటప్పుడు కావాల్సిన వాక్యం అది. 2000లో ఎంపెట్ దుప్పట్లు తీసేయాలని ఆదేశం వచ్చింది, 2003లో ఇన్సులేషన్‌కి కొత్త, కఠినమైన మంట పరీక్ష వచ్చింది. ప్రైవేట్ సంస్థలు సంతకం పెట్టే పద్ధతి మాత్రం పోలేదు. 2005లో పేరు మారి, ఓడీఏ అనే కొత్త ఏర్పాటు కిందకి వచ్చింది. 2017లో 737 మాక్స్‌కి ఆమోదం వచ్చినప్పుడు బోయింగ్ లోపల పని చేసింది అదే ఓడీఏ. ఆ మాక్స్ కూడా 1967 నాటి సర్టిఫికెట్‌కి సవరణే.

కామెంట్స్‌లో మాక్స్ గురించి అడుగుతారని తెలుసు, దానికి రెండు ఎపిసోడ్లు కావాలి. దానికంటే ముందు వచ్చే వారం డీసీ-10 కార్గో డోర్ కథ చెప్తా. అక్కడ మార్పు చేయమని ఆదేశం ఇవ్వకుండా ఫోన్‌లో మాట్లాడుకుని వదిలేశారు. ఉంటాను మరి.